సిస్టం ఒప్పుకోదట!

2025 జూన్‌లో మా యూనివర్సిటీలో జీతాల వ్యవస్థను మార్చారు. అంతకుముందు జీతం బిల్లులు ఒక సెక్షన్‌లో, సర్వీసు రిజిస్టర్లు ఇంకో సెక్షన్‌లో, సెలవు చీటీలు డిపార్టుమెంటుల్లో, పి.ఎఫ్. కాగితాలు ఎవరికీ తెలియని ఏదో బీరువాలో ఉండేవి. ఇప్పుడన్నీ ఒకే సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చామన్నారు. దాని గురించి వచ్చిన సర్క్యులర్‌లో ‘పారదర్శకత’ అన్న మాట నాలుగుసార్లు ఉంది. ‘స్త్రీ’ అన్న మాట ఒక్కసారి కూడా లేదు. జీతాల లెక్కలకి ఆడామగా తేడా ఏముంటుంది అని మీరడగొచ్చు. నేనూ అలాగే అనుకున్నాను, నా జీతం ఆగేదాకా.

జులై మొదటివారంలో మా డిపార్టుమెంటులో అందరికీ జీతాలు పడ్డాయి. నాకు పడలేదు. సెక్షన్‌కి వెళితే అక్కడి సీనియర్ అసిస్టెంట్ కంప్యూటర్ తెర నావైపు తిప్పి చూపించాడు. ‘వైవాహిక స్థితి’ అని ఒక గడి. దానికింద మూడే మూడు ఎంపికలు: పెళ్లయింది, పెళ్లి కాలేదు, వితంతువు. పెళ్లయింది అని నొక్కితే పక్కనే ‘భర్త పేరు’ అని ఇంకో గడి తెరుచుకుంటుంది. దాని నెత్తిన ఎర్ర చుక్క. అది నింపకపోతే ముందుకు కదలదు. పెళ్లి కాలేదు అని నొక్కితే పాత రికార్డుతో సరిపోలడం లేదంటుంది. నాకు విడాకులై పన్నెండేళ్లు.

“విడాకుల కాగితం అప్పుడే ఇచ్చాను కదండీ, ఫైల్లో ఉండాలి” అన్నాను.

“ఉంది మేడమ్, నేనే పెట్టిన. కానీ సిస్టం ఒప్పుకుంటలేదు. ఏదో ఒక పేరు కొట్టెయ్యండి, పోతది. లేకపోతే ఈ నెల బిల్లుల మీ పేరు రాదు.”

ఆయన మీద నాకు కోపం లేదు. ఎన్నో ఏళ్లుగా తెలిసినవాడు, మంచివాడు. ఆ గడి ఆయన పెట్టింది కాదు, తీసే అధికారం కూడా ఆయనకి లేదు. నాకు కోపం వచ్చింది ఆ మాట మీద. ‘సిస్టం ఒప్పుకోదు.’

ఈ మాట మనకి కొత్తదా? మా నాన్న ఒప్పుకోడు, మావారు ఒప్పుకోరు, మా అత్తగారు ఒప్పుకోరు, నలుగురూ ఒప్పుకోరు... మన జీవితాల్లో సగం ఈ ‘ఒప్పుకోరు’ల చుట్టూ తిరిగినవే. ఆఫీసుల్లోకి వచ్చాక ‘రూల్స్ ఒప్పుకోవు’ అన్నారు. మొగుడు ఒప్పుకోకపోతే పోట్లాడాం. రూల్స్ ఒప్పుకోవంటే ఏ రూలు, ఏ జీవో, ఏ తేదీ అని అడగడం నేర్చుకున్నాం. ఇప్పుడు సిస్టం ఒప్పుకోదంటున్నారు. దానికి మొహం లేదు, సంతకం లేదు, జీవో నంబరు లేదు. ఎవరితో పోట్లాడాలి?

సిస్టం అనేది దానంతటది పుట్టుకురాలేదని మొదట మనం గట్టిగా చెప్పుకోవాలి. ప్రతి గడి వెనకా ఒక సమావేశం ఉంది. ఏం అడగాలి, ఏది తప్పనిసరి, ఏది అక్కర్లేదు అని ఎవరో కూర్చుని నిర్ణయించారు. ఆడవాళ్లు మూడే రకాలని తేల్చింది యంత్రం కాదు, మనుషులు. తెలంగాణలో గడీ అంటే దొర ఉండే కోట. ఊళ్లో ఎవరు ఎక్కడ నిలబడాలో అక్కడ తేల్చేవాళ్లు. ఈ తెర మీది గడి దీర్ఘం పోగొట్టుకుంది కానీ పని మానలేదు.

నా సంగతి చిన్నదే అనుకుందాం. మిగతావాళ్ల సంగతి చూద్దాం.

మా కొలీగ్ ఒకామె పేరు పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టింటి ఇంటిపేరుతో ఉంది. ఆధార్ పెళ్లయ్యాక తీసుకున్నారు, అందులో అత్తింటి ఇంటిపేరు చేరింది. బ్యాంకులో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంది, అదీ పేరుకి చివర. 2021 సెప్టెంబర్ 1 నుంచి ఆధార్‌తో కలపని పి.ఎఫ్. నంబరుకి యాజమాన్యం నెలవారీ చందా కట్టడానికి వీల్లేకుండా చేశారు. కలపాలంటే రెండుచోట్లా పేరు కలవాలి. మగవాడి ఇంటిపేరు బారసాల నుంచి పాడె దాకా ఒక్కటే. కాబట్టి అతని పేరు ఎప్పుడూ ‘కలుస్తుంది’. ఆడదాని పేరు ఎన్ని కొంపలు మారిందో అన్ని కాగితాల్లో అన్ని రకాలు. ఇంటిపేరు మార్చుకోవాలా వద్దా అని మనం ఎంతగా చర్చించుకున్నాం! అది అస్తిత్వ ప్రశ్న అన్నాం, నిజమే. అది పి.ఎఫ్. ప్రశ్న కూడా అని ఇప్పుడు తెలుస్తోంది. పేరు మార్చింది సమాజం. మార్చినందుకు జరిమానా కడుతున్నది ఆమె. అఫిడవిట్లు, నోటరీలు, జిరాక్సులు, ఆఫీసు చుట్టూ తిరిగిన సెలవులు అన్నీ ఆమె ఖర్చే.

ఇంకో గడి ఉంది, ‘ఉద్యోగి రకం’ అని. రెగ్యులర్, కాంట్రాక్టు, పార్ట్‌టైమ్. రెగ్యులర్ అని ఉంటే డి.ఎ., ఇంక్రిమెంటు వాటంతటవే లెక్కకొస్తాయి. కాంట్రాక్టు అని ఉంటే ఒక్క అంకె చేత్తో కొట్టి వదిలేస్తారు. ఇంక్రిమెంటు అనే గడే తెరుచుకోదు. నేను పదిహేడేళ్లుగా పాఠం చెబుతున్నాను. నా విద్యార్థిని ఒకమ్మాయి ఇప్పుడు వేరేచోట రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్. ఆమె జీతం చీటీలో పద్దులు పది, నా చీటీలో ఒక్కటి.

దీనికి యంత్రాన్ని సాకు చూపిస్తే ఎలా? 2018 యు.జి.సి. నిబంధనల్లోనే ఉంది, కాంట్రాక్టు అధ్యాపకులు మొత్తం పోస్టుల్లో 10 శాతం దాటకూడదని, వాళ్లకిచ్చేది రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ నెల జీతానికి తగ్గకూడదని. 2016 అక్టోబర్ 26న జగ్‌జిత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, ఒకే పని చేసే తాత్కాలిక ఉద్యోగులకి రెగ్యులర్ స్కేలులో కనీస జీతం ఇవ్వాలని చెప్పింది. 2025 ఆగస్టులో గుజరాత్ ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీల కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్ల విషయంలో అదే కోర్టు, గురువు బ్రహ్మ, గురువు విష్ణువు అని సభల్లో శ్లోకాలు చదివితే చాలదు, గౌరవం జీతంలో కనిపించాలి అన్న అర్థంలో గడ్డిపెట్టింది. ఇన్ని ఉన్నా కొత్త సాఫ్ట్‌వేర్‌లో ‘కనీస స్కేలు’ అనే గడి ఒక్కటీ లేదు. చట్టానికి తెలిసింది సాఫ్ట్‌వేర్‌కి తెలియకపోవడం పొరపాటంటే నేను నమ్మను. ఆదాయపు పన్ను పట్టుకునే గడి మాత్రం ఏటా బడ్జెట్ రాగానే మారిపోతోంది మరి!

మా పక్క డిపార్టుమెంటులో ఒక కాంట్రాక్టు లెక్చరర్‌కి అప్పుడు ఏడోనెల. సెలవు పెట్టుకోవడానికి తెర తెరిస్తే కాంట్రాక్టు వాళ్లకి కనిపించేది క్యాజువల్ లీవు ఒక్కటే. ప్రసూతి సెలవు అన్న వరుస బూడిదరంగులో ఉంది, నొక్కినా పలకదు. పైగా ఆమె కాంట్రాక్టు మరుసటి నెలాఖరుకి అయిపోతుంది. ఏటా ఇంతే, మధ్యలో ఒకటి రెండు రోజులు గండికొట్టి మళ్లీ కొత్త ఆర్డరు ఇస్తారు. ఆ తేదీ దాటితే సిస్టంలో ఆమె లేదు. లేని మనిషికి సెలవేమిటి?

సరిగ్గా ఇలాంటి తేదీ మీదే డాక్టర్ కవితా యాదవ్ అనే ఆమె సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఢిల్లీలో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో కాంట్రాక్టు డాక్టరు. 2017 జూన్ 1 నుంచి ప్రసూతి సెలవు అడిగింది. జూన్ 11న కాంట్రాక్టు అయిపోతుంది కాబట్టి 11 రోజులకే ఇస్తామన్నారు. ఆరేళ్లు పోరాడాక 2023 ఆగస్టు 17న కోర్టు చెప్పింది, ప్రసూతి ప్రయోజనం కాంట్రాక్టు గడువుతో ఆగిపోదు, పూర్తిగా ఇవ్వాల్సిందే అని. అంతకు చాలాముందే, 2000 మార్చి 8న, ఢిల్లీ మునిసిపల్ కార్పొరేషన్‌లో రోజుకూలీ మీద రోడ్లు పనిచేసే మస్టర్ రోల్ స్త్రీలకి కూడా 1961 నాటి ప్రసూతి చట్టం వర్తిస్తుందని అదే కోర్టు తీర్పిచ్చింది. 2017 సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకి 12 వారాల సెలవు 26 వారాలైంది. ఆ చట్టం 2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయింది కానీ 26 వారాల లెక్క అలాగే ఉంది. తట్టలు మోసిన కూలీ స్త్రీలు 2000లో గెలిచి తెచ్చిన హక్కు, 2025లో కొనుక్కొచ్చిన సాఫ్ట్‌వేర్‌లో బూడిదరంగులో పడి ఉంది!

రికార్డులో గడి మన మీదికే ఎలా తిరగబడుతుందో ఇంకొక్క కేసు చెబుతాను. చండీగఢ్‌లోని పి.జి.ఐ.లో దీపికా సింగ్ అనే నర్సింగ్ ఆఫీసర్. భర్తకి మొదటి భార్య చనిపోయింది, ఇద్దరు పిల్లలు. ఈమె ఆ పిల్లల పేర్లు తన సర్వీసు రికార్డులో రాయించుకుంది, వాళ్లకోసం శిశు సంరక్షణ సెలవు కూడా వాడుకుంది. 2019లో తన కడుపున మొదటి బిడ్డ పుడితే, నీకు ఇప్పటికే ఇద్దరు పిల్లలున్నారు, ఇది మూడో కాన్పు అని ప్రసూతి సెలవు ఇవ్వలేదు. సవతి పిల్లల్ని సొంత పిల్లల్లా చూసుకోవాలని ఆడదానికి లోకమంతా నీతి చెబుతుంది. చూసుకుంటే ఆ ప్రేమని గడిలో రాసుకుని లెక్క తేల్చింది. 2022 ఆగస్టు 16న సుప్రీంకోర్టు ఆమెకి న్యాయం చేసింది. కుటుంబమంటే అమ్మ, నాన్న, వాళ్ల పిల్లలు అనే ఒక్క అచ్చే కాదని అంది. కోర్టుకి వెళ్లగలిగిన ఒక్క దీపిక వెనక వెళ్లలేనివాళ్లు ఎందరో మనం ఊహించుకోవాల్సిందే.

ఇక హాస్టల్ మెస్సులో పనిచేసే అక్క సంగతి. ఇది రాయడానికే నేను కూర్చున్నానేమో.

కొత్త వ్యవస్థతోపాటు వేలిముద్రల యంత్రాలు వచ్చాయి. ఆమె ఒక పొద్దున మెస్సు మెట్ల మీద కూర్చుని ఉంది. ఏమైందక్కా అంటే అరచేతులు చాపి చూపించింది. “ఏలి ముద్ర పడ్తలేదు మేడమ్. పొద్దుగాల అయిదింటికి వొచ్చిన. మిషను నన్ను గుర్తుపడ్తలేదు. సారు ఆబ్సెంటు ఏసిండు.” వందలమంది పిల్లల కంచాలు, అండాలు తోమి తోమి ఆ వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. పనిచేసినందుకు సాక్ష్యంగా అరిగిన వేళ్లే, పనికి రాలేదని సాక్ష్యం చెబుతున్నాయి. ఇంతకంటే పెద్ద అబద్ధం ఏ గుమాస్తా రాయగలడు?

ఆమె పేరు జీతాల్లో ఎక్కడుందో చూద్దామని వెతికించాను. లేదు. ఆమె ఔట్‌సోర్సింగ్. యూనివర్సిటీ ఏజెన్సీకి బిల్లు చెల్లిస్తుంది, ఏజెన్సీ ఆమెకి ఇస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో ఆమె ఉద్యోగుల పద్దులో లేదు, చెల్లింపుల పద్దులో ఉంది, గ్యాసు సిలిండర్లతోపాటు. హాజరు దగ్గర కాపలా కాయడానికి ఆమెకి యంత్రం ఉంది. జీతం దగ్గర ఆమె ఉన్నట్టు చెప్పడానికి ఒక్క గడి లేదు. పి.ఎఫ్. పేరుతో 12 శాతం పట్టుకుంటున్నారు, ఇ.ఎస్.ఐ. పేరుతో ముప్పావు శాతం పట్టుకుంటున్నారు. కడుతున్నారో లేదో ఆమెకి తెలియదు. మెసేజ్ వస్తే తెలుస్తుంది కదా అంటారు. ఆ ఖాతాకి ఇచ్చిన ఫోన్ నంబరు సూపర్‌వైజర్‌ది. పారదర్శకత! ఎవరు ఎవరికి పారదర్శకం? ఆమె ఎన్నింటికి వచ్చిందో, ఎన్నింటికి పోయిందో యాజమాన్యానికి అద్దంలా కనిపిస్తుంది. తన డబ్బు ఏమైందో ఆమెకి గోడే కనిపిస్తుంది.

నేను పాతకాలం బాగుండేదని అనడం లేదు. అక్విటెన్స్ రిజిస్టర్‌లో రెవిన్యూ స్టాంపు మీద సంతకం పెట్టించుకుని, చేతికి తక్కువిచ్చిన రోజులు మాకు తెలుసు. అరియర్సు బిల్లు కదలాలంటే ఎవరి టేబుల్ దగ్గర ఎంతసేపు నిలబడాలో, వాళ్ల చూపులు ఎలా ఉండేవో కూడా తెలుసు. జీతం నేరుగా బ్యాంకులో పడటం ఎందరో ఆడవాళ్లకి మేలు చేసింది. యంత్రం వద్దని ఎవరన్నారు? యంత్రంలో మమ్మల్ని ఉన్నవాళ్లం ఉన్నట్టుగా రాయమంటున్నాం.

కొత్తలో ఇవన్నీ మామూలే, సర్దుకుంటాయి అంటారు కొందరు. కెనడాలో 2016లో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల కోసం ఫీనిక్స్ అనే జీతాల వ్యవస్థ పెట్టారు. కొందరికి తక్కువ, కొందరికి ఎక్కువ, కొందరికి అసలే జీతం రాలేదు. ఏళ్లు గడిచినా తప్పులు గుట్టలుగా పేరుకున్నాయి. జీతాల చిక్కులు తెలిసిన అనుభవజ్ఞులైన సిబ్బందిని డబ్బు ఆదా కోసం ముందే తగ్గించేయడం అందుకు ఒక పెద్ద కారణం. సర్దుకోవడం అంత తేలిక కాదు. సర్దుకునేలోపల అద్దె కట్టాల్సింది మనం.

మా సంఘం నాయకుల మాట ఇంకోటి. మగమిత్రులు, ప్రగతిశీలురు. “మేడమ్, ముందు రెగ్యులరైజేషన్ సాధించుకుందాం. గడులూ కాలమ్‌లూ టెక్నికల్ విషయాలు, తర్వాత చూసుకోవచ్చు.” ఈ ‘తర్వాత’ కూడా మనకి పాతచుట్టమే. ముందు స్వాతంత్ర్యం, ముందు విప్లవం, ముందు రాష్ట్రం, మీ సంగతి తర్వాత. ఒకటో తారీఖున జీతం పడేవాళ్లకే అది టెక్నికల్ విషయం. రెగ్యులరైజేషన్ రేపు వచ్చినా సర్వీసు లెక్కించేది ఈ రికార్డుల్లోంచే. మధ్యలో కొట్టిన ఆ ఒక్కరోజు గండి, ప్రసూతికి ‘జీతంలేని సెలవు’ అని పడిన ఆ ఆరునెలలు రేపు ఎవరిని వెనక్కి నెడతాయి?

మన మీద కూడా నాకు ఫిర్యాదుంది. మనం వంటింటి గురించి రాశాం, శరీరం గురించి రాశాం, ఇంటిపేరు గురించి, భాష గురించి రాశాం. జీతం చీటీ గురించి ఎందుకు రాయలేదు? అది సాహిత్యం కాదనుకున్నామా? అకౌంట్స్ మగవాళ్ల పని అని ఇంట్లో బ్యాంకు పుస్తకం భర్తకి అప్పగించినట్టే, ఆఫీసులో ఆ తెరని వాళ్లకి అప్పగించేశామా?

వ్యవస్థ రూపొందించిన కమిటీలో ఎవరున్నారని అడిగాను. తొమ్మిదిమంది. ఎనమండుగురు మగవాళ్లు, అందరూ రెగ్యులర్. ఒక్క ఆడమనిషి ఉన్నారు, మినిట్స్ రాసుకోవడానికి. పాత సర్వీసు రిజిస్టర్లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించింది మాత్రం పన్నెండుమంది అమ్మాయిలు, రోజుకూలీ మీద, రెండు నెలలు, ఫ్యాను సరిగా తిరగని గదిలో. మా అందరి పేర్లు, పుట్టినతేదీలు, భర్తల పేర్లు వాళ్ల వేళ్ల మీదుగా వెళ్లాయి. వాళ్ల పేర్లు ఆ సిస్టంలో ఎక్కడా లేవు.

అందుకే అడుగుతున్నాం. భర్త పేరు మీద ఎర్ర చుక్క తీసెయ్యండి. జీతం ఇవ్వడానికి మా మొగుళ్లతో పనేమిటి? విడాకులు తీసుకున్నవాళ్లం, విడిగా ఉన్నవాళ్లం, చెప్పడం ఇష్టంలేనివాళ్లం కూడా ఉద్యోగులమే. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు తమను తాము ఏమని చెప్పుకుంటే అదే గుర్తింపు అని 2014 ఏప్రిల్ 15న నల్సా తీర్పు చెప్పింది. ఆ గడిలో ఇంకా రెండు బొత్తాలే ఎందుకున్నాయి? ప్రసూతి సెలవు వరుసకి రంగు వెయ్యండి, ఉద్యోగి రకంతో పనిలేకుండా. ఔట్‌సోర్సింగ్ వాళ్ల పేర్లు, జీతం, కట్టిన పి.ఎఫ్. వాళ్లకి కనిపించేలా, వాళ్ల భాషలో పెట్టండి. వేలిముద్ర పడకపోతే జీతం కొయ్యడం కాదు, మనిషి వచ్చి మనిషిని చూసి రాసే పుస్తకం ఒకటి పెట్టండి. ‘సిస్టం ఒప్పుకోదు’ అన్న ప్రతిసారీ ఏ అధికారి నిర్ణయం వల్ల ఒప్పుకోదో కాగితం మీద రాసి సంతకం పెట్టండి. ఇవేవీ రాకెట్ ప్రయోగాలు కావు. గడి పెట్టిన చెయ్యే తీయగలదు.

చివరికి నేనేం చేశానో చెప్పలేదు కదూ. చెప్పాలి. ఆ జులైలో ఇంటి అద్దె, పాప కాలేజీ ఫీజు రెండూ నెత్తి మీదున్నాయి. నాలుగు రోజులు ఆగాను. ఐదోరోజు వెళ్లి ఆ గడిలో ఆ పేరు కొట్టాను. పన్నెండేళ్లుగా నోటితో కూడా పలకని పేరు. పచ్చ టిక్కు పడింది. ‘మీ ప్రొఫైల్ సంపూర్ణమైంది’ అని వచ్చింది.

ఇన్నేళ్ల స్త్రీవాదం, ఇన్ని వ్యాసాలు, ఇన్ని సభలు... ఒక ఎర్ర చుక్క ముందు ఓడిపోయానని ఆ రాత్రి నిద్రపట్టలేదు. పొద్దున్నే లేచి, ఆ పేరు తొలగించాలని దరఖాస్తు రాశాను. మెస్సులో అక్కది ఒకటి రాశాను, ఆమె వేలిముద్ర వేసింది. సిరాలో మాత్రం బాగానే పడింది. ఏడోనెల అమ్మాయిది, ఇంటిపేరు కలవని కొలీగుది కూడా కలిపి నాలుగు దరఖాస్తులు ఇన్‌వార్డులో ఇచ్చి, నంబర్లు వేయించుకుని, రసీదులు తీసుకున్నాం.

అవి ఇంకా సెక్షన్‌లోనే ఉన్నాయి. మేము వారం వారం వెళ్లి అడుగుతూనే ఉన్నాం. మీరూ మీ జీతం చీటీ ఒకసారి తీసి చూడండి. అందులో ఏముందో కాదు, ఏం లేదో చూడండి. మీ ఆఫీసు ఊడ్చే ఆమె పేరు ఏ పద్దులో ఉందో అడగండి. జవాబుగా ‘సిస్టం ఒప్పుకోదు’ అంటే ఊరుకోకండి. ఒప్పుకోనిది ఎవరో, పేరు చెప్పమనండి.